పేరు చెప్పకుండా ప్రార్థన చేయండి

ఆదివారం ఆరాధనలో పాస్టరు యేసుకుమార్ గారు ప్రార్థన మనవులు చెబుతుంటే శాలిని ఎప్పటిలాగే కళ్లు మూసుకుని సగం వింటూ, సగం మధ్యాహ్నం కూర గురించి ఆలోచిస్తూ కూర్చుంది. ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఒకరి కొడుక్కి వీసా, ఇంకొకరి కోడలికి నెలలు నిండాయి. ఆ తర్వాత వచ్చింది అసలు మనవి.

"సహోదరి మాణిక్యమ్మ గారు అడుగుతున్నారు. వారి అమ్మాయి తను పనిచేసే బట్టల షాపులో జరుగుతున్న అన్యాయం గురించి పేరు పెట్టకుండా ఇంటర్నెట్‌లో రాస్తోంది. ఆ బిడ్డ ఎవరి కంటా పడకుండా ప్రభువు తన రెక్కల నీడన దాచాలని అందరం ఏకమనసుతో ప్రార్థన చేద్దాం. అమ్మాయి పేరు చెప్పొద్దన్నారు గనక పేరు చెప్పడం లేదు."

సంఘమంతా గట్టిగా ఆమెన్ అంది. మాణిక్యమ్మకి ఉన్నది ఒక్కగానొక్క కూతురు. ఆ కూతురు తల్లి పక్కనే ఆకుపచ్చ చుడీదార్‌లో కూర్చుని ఉంది. ఇంక పేరు చెబితే ఎంత, చెప్పకపోతే ఎంత! పైగా వేదిక ముందు స్టాండు మీద పాస్టరమ్మ గారి ఫోను నిలబెట్టి ఉంది. ఆరాధన మొత్తం ప్రతి వారం యూట్యూబ్‌లో లైవ్ పోతుంది. ఆ ఆకుపచ్చ చుడీదార్ శాలినిదే.

బయట చెప్పులు వేసుకునే చోట తల్లిని పట్టుకుంది.

"ఏం పనమ్మా నువ్వు చేసింది?"

"ఏం చేశానే? ప్రార్థన చేయమన్నాను."

"ఎవరికీ చెప్పొద్దన్నానా, లేదా?"

"ఎవరికి చెప్పాను? శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మన ఆడవాళ్లకి చెప్పాను, పాస్టరు గారికి చెప్పాను. వాళ్లేమన్నా పైవాళ్లా? నీ పేరు కూడా చెప్పలేదు గదా."

"లైవ్‌లో చదివారమ్మా!"

"అయితే ఇంకా మంచిదే. దుబాయిలో ఉన్నవాళ్లు కూడా ప్రార్థన చేస్తారు."

మాణిక్యమ్మ కావాలని అల్లరి పెట్టే మనిషి కాదు. కూతురి సంగతి తెలిసిన రోజు నుంచి ఆమెకి నిద్ర లేదు. ఇంటి బెంగ ఏదైనా సంఘం ముందు పెట్టి, నలుగురి చేతా ప్రార్థన చేయించి, అప్పుడు అన్నం తినడం ఆమెకి పెళ్లినాటి నుంచీ అలవాటు. మొగుడు ఇశ్రాయేలు చనిపోయినప్పుడూ అంతే, కూతురి ఇంటర్ ఫలితాలప్పుడూ అంతే. రహస్యమైతే మాత్రం, దేవుడి దగ్గర దాస్తారా అని ఆమె వాదన. దేవుడి దగ్గర దాచక్కర్లేదు గానీ, మధ్యలో మైకు ఎందుకని శాలిని వాదన. ఆ వాదన ఎటూ తేలలేదు. పాస్టరమ్మ గారిని బతిమాలితే ఆవిడ నొచ్చుకుని, ఆ సాయంత్రానికి వీడియో తీసేశారు. అప్పటికే చూసినవాళ్ల కళ్లలోంచి తీసేసే మీట మాత్రం ఏ ఫోనులోనూ లేదు.

శాలిని పనిచేసేది గవర్నర్‌పేటలో పేరున్న పట్టుచీరల షోరూములో. రెండో అంతస్తు, పెళ్లిచీరల సెక్షన్. కౌంటరుకి ఇవతల కస్టమర్లకి మెత్తటి స్టూళ్లు ఉంటాయి. అవతల అమ్మాయిలకి నేల ఉంటుంది. పొద్దున షట్టర్ లేచింది మొదలు రాత్రి దించేదాకా నిలువుకాళ్ల మీద ఉండాల్సిందే. కస్టమర్ ఉన్నా, ఈగలు తోలుకుంటున్నా అదే రూలు. ఎవరైనా కాసేపు ఆ స్టూలు అంచున ఆనుకుంటే చాలు, కెమెరాలో చూసి కింద నుంచి ఫ్లోర్ మేనేజర్ రామకోటేశ్వరరావు ఇంటర్‌కమ్‌లో అరుస్తాడు. కస్టమరు మెట్లెక్కి వచ్చేటప్పటికి అమ్మాయి కూర్చుని లేస్తే షాపు బద్ధకంగా కనిపిస్తుందట. ఆయన మాత్రం చక్రాల కుర్చీలో కూర్చుని ఈ మాట చెబుతాడు.

ఆషాఢం సేల్‌లో ఒక అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. రామకోటేశ్వరరావు పరుగెత్తుకొచ్చి, "నీళ్లు చల్లండి, నీళ్లు చల్లండి" అన్నాడు. మరుక్షణం, "చీర మీద పడకుండా చూడండి" అన్నాడు. ఆ రెండో మాట శాలిని ఒంట్లో ముల్లులా దిగింది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే తిన్నది అరగదనిపించింది. అప్పుడే ఫేస్‌బుక్‌లో 'నిలువుకాళ్ల ఉద్యోగం' అని ఒక పేజీ తెరిచింది. ఆ నీళ్ల సంగతే మొదట రాసింది. అది బెజవాడ దాటి, గుంటూరు దాటి, ఎక్కడెక్కడి షాపుల అమ్మాయిలకో చేరింది. అందరూ అది తమ షాపే అనుకున్నారు. మాకూ ఇంతే అక్కా అని రాసినవాళ్లని చూసి శాలినికి ఏడుపొచ్చింది, సంతోషమూ వేసింది.

తన జాగ్రత్తలో తను ఉంది. పేజీకి వేరే మెయిల్ పెట్టింది. షాపులో ఉండగా ఒక్క ముక్క రాయదు. ఫోటో పెట్టదు, ఎవరి పేరూ రాయదు, షాపు పేరు అసలే రాయదు. అన్నింటికంటే పెద్ద జాగ్రత్త ఇంకోటుంది. రాసే మనిషి తనలాగా ఉండకూడదని ఒక వేషం వేసుకుంది. తనకి పెళ్లి కాలేదు కాబట్టి పెళ్లయినట్టు రాసింది. ఉండేది కృష్ణలంకలో, షాపుకి నడిచే దూరం. అందుకని రోజూ ఊరి నుంచి బస్సులో పడి వస్తున్నట్టు రాసింది. ఇంట్లో ఏడాది నిండని పాప ఉన్నట్టు, మధ్యాహ్నం దాటితే పాలు పొంగి జాకెట్టు తడిస్తే, విప్పిన చీర మడత గుండెకి అడ్డం పెట్టుకుని కస్టమరు ముందు నవ్వుతూ నిలబడినట్టు రాసింది. ఆ పాల సంగతి చదివి ఎంతమంది కన్నీళ్లు పెట్టుకున్నారో లెక్కలేదు.

కల్పించడం శాలినికి రాదు. అబద్ధం రాయాలన్నా ఎదురుగా ఉన్నదే చేతికొస్తుంది. రోజంతా పక్కన నిలబడే ఉషశ్రీకి మొగుడున్నాడు, పాప ఉంది, హనుమాన్ జంక్షన్ అవతల పల్లె నుంచి బస్సులో వస్తుంది. ఈ మాట శాలినికి తట్టలేదా అంటే, తట్టింది. తననెవరూ గుర్తుపట్టకూడదన్న భయంలో, ఇంకెవరినో గుర్తుపడతారేమోనన్న భయానికి చోటు చాల్లేదు.

చర్చిలో మనవి వినిపించిన మర్నాడు శాలిని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని షాపుకెళ్లింది. ఏమీ జరగలేదు. ఆ మర్నాడూ ఏమీ జరగలేదు. ఆ తర్వాత డయానా ఆంటీ ఊడిపడింది. సంఘంలో పెద్దావిడ, గొంతు కూడా పెద్దదే. మేనకోడలి పెళ్లికని తెల్ల పట్టుచీర చూడటానికి వచ్చి, కౌంటరు మీదకి వంగి రహస్యం చెబుతున్నాననుకుని చెప్పింది.

"భయపడకమ్మా, మేమంతా నీ కోసం మోకాళ్ల మీద ఉన్నాం. ఇంకా ఎవరికీ తెలియలేదుగా?"

అవతల కౌంటరులో అమ్మాయిలు తలలు తిప్పారు. "ఏం తెలియాలి ఆంటీ?" అంది ఉషశ్రీ నవ్వుతూ. శాలిని చటుక్కున, "పెళ్లి సంబంధం" అంది. డయానా ఆంటీ కన్నుగీటి, చీర కొనకుండానే దీవించి వెళ్లిపోయింది. ఇలాంటి ప్రేమని కాదనడమెలాగో, తట్టుకోవడమెలాగో శాలినికి తెలియలేదు.

ఆ వారంలోనే ఒక కస్టమరు, మంచి చీర కట్టుకున్న టీచరమ్మ, బిల్లు కడుతూ ఓనరునే అడిగేసింది. "నీళ్లు చీర మీద పడకుండా చూడమన్నది మీ షాపులోనేనటగా?" ఓనరు నవ్వి ఊరుకున్నాడు. ఆమె మెట్లు దిగాక రామకోటేశ్వరరావుని పిలిచి ఏమన్నాడో తెలియదు గానీ, మేనేజర్ మొహం మాడ్చుకుని పైకొచ్చాడు. రెండో అంతస్తు అమ్మాయిలందర్నీ వరసగా నిలబెట్టాడు. ఫోను తీసి 'నిలువుకాళ్ల ఉద్యోగం' చదవడం మొదలెట్టాడు.

"'మా ఊరి బస్సు తప్పితే ఆ రోజు సగం జీతం కోత.' మీలో బస్సులో వచ్చేది ఎవరమ్మా?"

ఇద్దరు చెయ్యెత్తారు.

"'నా పాపకి ఇంకా ఏడాది నిండలేదు.' చిన్నపిల్ల తల్లి ఎవరు?"

ఎవరూ చెయ్యెత్తక్కర్లేదు. అందరూ ఉషశ్రీ వైపు చూశారు. రామకోటేశ్వరరావు పాల సంగతి కూడా చదవబోయి, రెండు ముక్కలు చదివి, సిగ్గుపడి ఆపేశాడు. ఆ రెండు ముక్కలు చాలు. ఉషశ్రీ మొహం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. తల తిప్పి శాలిని వైపు చూసింది. శాలిని కౌంటరు మీది చీర మడతలు సర్దుతోంది. సర్దిన మడతే మళ్లీ సర్దుతోంది.

"నేను కాదు సార్," అంది ఉషశ్రీ.

"మరి ఇంకెవరమ్మా? ఈ ఫ్లోరులో పాలిచ్చే తల్లివి నువ్వే. ఏమ్మా శాలినీ, ఎప్పుడూ పక్కపక్కనే ఉంటారు గదా, నీకేమన్నా తెలుసా?"

"తెలియదండీ," అంది శాలిని. ఆ మాట ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసిందో తర్వాత తలుచుకుంటే ఆమెకే అసహ్యం వేసింది.

రామకోటేశ్వరరావు తీర్పు చెప్పేశాడు. "సోమవారం మన లైవ్ సేల్ ఉంది గదా. అందులో నువ్వే చెప్పాలి. రాసింది నేనే, అన్నీ అబద్ధాలు, షాపులో మమ్మల్ని సొంత పిల్లల్లా చూసుకుంటారు అని. చెబితే ఉద్యోగంలో ఉంటావు, ఓనరు గారు పెద్దమనసు చేసుకున్నారు. లేదా, షాపుల వాళ్ల గ్రూపులో నీ ఫోటో పెడతాం. ఇటు గుంటూరు, అటు బందరు, ఎవడూ నిన్ను గుమ్మం తొక్కనివ్వడు. ఆలోచించుకో."

ఉషశ్రీకి ఆలోచించుకునేంత వెసులుబాటు ఎక్కడిది? మొగుడు బాబీకి రొయ్యల చెరువుల దగ్గర పని. చెరువు బాగుంటే పని ఉంటుంది, తెగులొస్తే ఇంట్లో ఉంటాడు. ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు. ఉషశ్రీ నిలబడితేనే ఆ ఇల్లు నిలబడేది.

శాలిని ఆ రోజు తన రూలు తనే తప్పింది. ఉషశ్రీని మేనేజర్ తన గదిలోకి పిలిపించుకున్న సమయం చూసుకుని, స్టాకు గదిలో చీరల పెట్టెల వెనక నిలబడి పేజీలో రాసింది. 'మీరు అనుమానించే మనిషి నేను కాదు. ఆమెని వదిలేయండి.' ఉషశ్రీ మేనేజర్ కళ్లముందు చేతులు కట్టుకుని నిలబడి ఉండగా పేజీలో కొత్త రాత పడితే, ఆమె కాదని రుజువైపోతుందని ఆశపడింది. ఈ ఉపాయం తట్టినందుకు కొంచెం పొంగిపోయింది కూడా.

కాసేపటికి రామకోటేశ్వరరావు గదిలోంచి ఫోను ఊపుకుంటూ వచ్చాడు. "చూశారా తెలివి! ఇక్కడ నా ముందు ఏడుస్తూ, అక్కడ మొగుడి చేత పెట్టిస్తోంది. ఆమెని వదిలేయమని ఆమె గాక ఇంకెవరు రాస్తారమ్మా?"

రాస్తే ఉషశ్రీ రాసినట్టు. ఇకనుంచి రాయడం మానేస్తే, ఉషశ్రీ భయపడి మానేసినట్టు. పేజీ మొత్తం పీకేస్తే, దొరికిపోయి పీకేసినట్టు. ఏ తలుపు తోసినా ఉషశ్రీ మీదకే తెరుచుకుంటోంది. మిగిలింది ఒక్కటే తలుపు, తన పేరున్నది. దాని దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. ఇంటి అద్దె, అమ్మ బీపీ మందులు, షాపుల వాళ్ల గ్రూపులో తన ఫోటో, అన్నీ ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాయి.

ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. ముందు సగం వినగానే మాణిక్యమ్మ చేతులెత్తింది.

"అంటే నిన్ను పట్టుకోలేదన్నమాట! దేవునికి స్తోత్రం. చూశావా, ప్రార్థన ఊరికే పోదు."

"ఉషశ్రీని పట్టుకున్నారమ్మా."

ఎత్తిన చేతులు దిగిపోయాయి. ఉషశ్రీ ఆ ఇంట్లో అన్నం తిన్న పిల్ల. పాపకి జ్వరమొస్తే తైలం రాసి ఒళ్లో పడుకోబెట్టుకున్నది మాణిక్యమ్మే.

"నిన్ను దాచమని అడిగాను గానీ, ఇంకొకళ్ల వెనక దాచమని అడగలేదే," అంది. ఎవరితో అందో తెలియదు, కూతురితోనో, దేవుడితోనో.

"ఏం చేయమంటావమ్మా?"

కూతురిని కూడు పోగొట్టుకోమని ఏ తల్లి చెబుతుంది? వద్దని మాత్రం ఎలా చెబుతుంది? ఆ రాత్రి తల్లీ కూతుళ్లు ఇద్దరూ వంకలు చెప్పుకుని అన్నం మానేశారు.

ఆదివారం చర్చికి ఉషశ్రీ వచ్చింది. వాళ్లింట్లో దేవుడి మందిరం నిండా పటాలున్నా, కష్టమొస్తే చర్చికి వచ్చి ప్రార్థన చేయించుకోవడం ఆ చుట్టుపక్కల కొత్తేమీ కాదు. క్రిస్మస్‌కి ఒకసారి వచ్చి కేకు తిని వెళ్లింది కూడా. పాపని చంకనేసుకుని నేరుగా మాణిక్యమ్మ దగ్గరికొచ్చి, "ఆంటీ, మీ పాస్టరు గారి చేత నాకోసం ప్రార్థన చేయించాలి" అంది. కాదనే హక్కు తనకి లేదనిపించి, మాణిక్యమ్మ ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. తీసుకెళ్తూ ఒక్కసారి కూతురి వైపు చూసింది. ఆ చూపు శాలిని జన్మలో మర్చిపోదు.

పాస్టరు యేసుకుమార్ గారు మంచి మనిషి. ఎవరు ఏది చెప్పినా మనసు పెట్టి ప్రార్థన చేస్తారు, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోరు. మైకు అందుకుని మొదలుపెట్టారు.

"మన మధ్యకి వచ్చిన సహోదరి ఉషశ్రీ గారి మనవి. చేయని నేరం వారి మీద మోపారు. షాపు గురించి ఇంటర్నెట్‌లో రాసింది వేరే ఎవరో. రాసినవాళ్లు ఎవరో ప్రభువే వెలుగులోకి..."

అక్కడ ఆగిపోయారు. దాచమని అడిగింది ఈ సంఘమే, బయటపెట్టమని అడగాల్సిందీ ఈ సంఘమే. ఒక్కరు కూడా శాలిని వైపు చూడలేదు. డయానా ఆంటీ బైబిల్లో ఏదో వాక్యం వెతుకుతోంది. ముందు వరస ఆడవాళ్లు మెడలు బిగించుకుని కూర్చున్నారు. అంతమంది ఒక్కసారిగా చూడకుండా ఉండటం, చూడటం కంటే ఘోరంగా ఉంది. చాప మీద కూర్చున్న శాలిని లేచి పారిపోదామనుకుంది. లేస్తే చెప్పినట్టే. కూర్చుంటే దాచినట్టే. పాస్టరమ్మ గారు వెళ్లి స్టాండు మీది ఫోనుని మెల్లగా గోడవైపు తిప్పారు.

పాస్టరు గారు కళ్లు మూసుకుని, "ప్రభువా, అందరి సంగతీ నీకు తెలుసు, మాకు ఎలా అడగాలో తెలియడం లేదు" అని రెండు ముక్కల్లో ముగించారు. ఆమెన్ అన్నవాళ్లు తక్కువ. మాణిక్యమ్మ అనలేదు.

బయట ఆటో కోసం ఉషశ్రీ గోడ నీడలో నిలబడి ఉంది. శాలిని దగ్గరికి వెళ్లి పాప కాలు పట్టుకుంది.

"మీవాళ్లందరికీ తెలుసు గదా," అంది ఉషశ్రీ.

శాలిని పాప కాలు వదిలేసింది.

"నాకు మీవాళ్లకంటే ముందే తెలుసులే. పాల సంగతి నేను బాబీకి కూడా చెప్పలేదు. ఆ రోజు బాత్రూములో నీకే చెప్పాను. సార్ చదువుతుంటే నా ఒంటి మీద గుడ్డ లాగేసినట్టుంది శాలినీ."

"మరి సార్‌కి ఎందుకు చెప్పలేదు?"

"ఎట్టా చెబుతాను? నువ్వు రాసిందాంట్లో అబద్ధం ఉంటే చెప్పేదాన్ని. అన్నీ నిజాలే రాశావు. నాకు బాగా నచ్చింది కూడా. పాప నిద్రపోయాక మళ్లీ మళ్లీ చదువుకునేదాన్ని." పాపని రెండో చంకకి మార్చుకుంది. "కోపం ఉంది. బోలెడంత ఉంది. రాశావని కాదు. నన్ను అడక్కుండా నన్ను కట్టుకుని తిరిగావు. అడిగితే ఇచ్చేదాన్నేమో."

"నేను రేపు సార్‌కి చెప్పేస్తాను."

"చెబుతావో లేదో నీ ఇష్టం. మూడు రోజుల్నించీ చెబుతావేమో అని నీ మొహమే చూస్తున్నా." ఆటో వచ్చి ఆగింది. "నేను మాత్రం రేపు లైవ్‌లో చెప్పేస్తా. రాసింది నేనే, అన్నీ అబద్ధాలు అని. నా దగ్గర ఇంకో దారి లేదు."

ఆటో పోయాక శాలిని అక్కడే నిలబడిపోయింది. వెక్కి వెక్కి ఏడ్చింది. తను పేరు దాచుకుని రాసిన నిజాలన్నింటినీ రేపు ఉషశ్రీ తన పేరుతో అబద్ధాలు చేసేస్తుంది. అప్పుడు ఇద్దరి ఉద్యోగాలూ ఉంటాయి. అంతకంటే నరకం ఇంకేముంటుందో ఆమెకి తోచలేదు.

సోమవారం లైవ్ సేల్ ఎప్పటిలాగే మొదలైంది. రెండో అంతస్తులో లైట్లు వేశారు, ఫోను స్టాండుకి బిగించారు. లైవ్‌లో చీరలు చూపించే కనకలక్ష్మి, "హాయ్ అక్కలూ, చెల్లెళ్లూ, అందరూ భోంచేశారా?" అని మొదలెట్టి నాలుగు చీరలు విప్పి చూపించింది. చూసేవాళ్ల సంఖ్య పెరుగుతోంది. రామకోటేశ్వరరావు ఫోను వెనక నిలబడి సైగ చేశాడు. సంతోషంగా ఉన్న కుటుంబంలా కనిపించాలని సెక్షన్ అమ్మాయిలందర్నీ వెనక వరసలో నవ్వుతూ నిలబెట్టాడు. ఉషశ్రీ ముందుకొచ్చింది.

"నమస్కారమండీ. నా పేరు ఉషశ్రీ. ఫేస్‌బుక్‌లో మా షాపు గురించి రాసింది నేనే." అక్కడ ఆగింది. రామకోటేశ్వరరావు వేళ్లు ఆడించాడు. "అవన్నీ అబద్ధాలండీ. మమ్మల్ని సొంత పిల్లల్లా చూసుకుంటారు. మాకు కాళ్లు నొప్పులొస్తే, ఎప్పుడు కావాలంటే అప్పుడు కూర్చోవచ్చు."

శాలిని వరసలోంచి కదిలింది. తను ఏం చేయబోతోందో తనకే తెలియదు. కౌంటరు చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చింది. ఉషశ్రీ వెనకే, కెమెరాకి ఎదురుగా, కస్టమర్ల స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏయ్! లే! ఎవరు కూర్చోమన్నారు నిన్ను? లేవ్వే!"

ఆ అరుపు రామకోటేశ్వరరావుది. ఏళ్ల అలవాటు, మెదడు కంటే ముందు నోరు పనిచేసింది. అరిచాక నోరు మూసుకున్నాడు గానీ, అప్పటికే లైవ్‌లో ఎన్ని ఇళ్లలో వినపడాలో అన్ని ఇళ్లలో వినపడింది. కనకలక్ష్మి చేతిలో చీర చేతిలోనే ఉండిపోయింది.

"రాసింది నేనండీ," అంది శాలిని. "నా పేరు శాలిని. మాది కృష్ణలంక. ఉషశ్రీ ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆమె కష్టం తీసుకుని నాదని రాసుకున్నాను, అదొక్కటే అందులో అబద్ధం."

ఫోనులో కామెంట్లు చీమల బారులా పైకి పాకుతున్నాయి. ఓనరు కింద నుంచి ఇంటర్‌కమ్‌లో ఏదో అంటున్నాడు. రామకోటేశ్వరరావు కనకలక్ష్మి చెవిలో గుసగుసలాడాడు. "ఆపొద్దు, ఆపితే నిజమే అనుకుంటారు. చీరలు చూపించండి. ఉషశ్రీ, నువ్వు కూడా పట్టుకో. నువ్వు చెప్పాల్సింది చెప్పేశావు, నువ్వు ఉద్యోగంలోనే ఉన్నావు." శాలినికి మాత్రం వేలెత్తి మెట్లు చూపించాడు.

శాలిని లేచింది. వెళ్లే ముందు ఉషశ్రీ మొహం ఒక్కసారి చూడాలనుకుంది. ఉషశ్రీ వెనక్కి తిరగలేదు. కనకలక్ష్మి అందించిన చీర రెండు చేతులా అందుకుని, కొంగు విప్పి లైటుకి ఎదురుగా పట్టుకుంది. శాలిని సగం మెట్లు దిగేసరికి పైనుంచి ఆమె గొంతు వినపడింది.

"ఇది మంగళగిరి పట్టు అండీ. అంచు చూడండి, ఎంత బాగుందో."

ఎక్కడా తడబడకుండా చెబుతోంది. నిలబడే చెబుతోంది.